గంగాళంలో సొరబుర్ర

మొన్న మా మనవరాలి చిన్నబడి వాళ్ళు కబురు పెట్టారు. శనివారం పిల్లలకి 'వాటర్ ప్లే' అట, ఒక తువ్వాలూ ఇంకో జత బట్టలూ పంపాలట. నీళ్ళలో ఆడుకోవడానికి కూడా ఒక రోజూ, దానికో పేరూనా అని నాకు ఒళ్ళు మండింది. గొణుక్కుంటూనే వెంట వెళ్ళాను. పెద్ద ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్ళు పోసి, చుట్టూ నాలుగేళ్ళ పిల్లల్ని నిలబెట్టారు. టీచరమ్మ ఒక నిమ్మకాయ ఎత్తి చూపించి "తేలుతుందా, మునుగుతుందా?" అని అడిగింది. మా పిల్ల "మునుగుతుంది" అని అరిచింది. అది కాస్తా తేలింది. పిల్లలందరూ గొల్లుమని నవ్వారు. నేను ఆ తొట్టి చుట్టూ ఉన్న పిల్లల నడుములు చూస్తూ నిలబడ్డాను. ఒక్క నడుముకీ తాడు లేదు. అక్కడ ఇక ఉండలేక బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాను.

నా నడుముకి ఉండేది. దూడకి కట్టే పలుపు. జనపనారతో మా అవ్వ, నాయన వాళ్ళమ్మ, స్వయంగా పేనింది.

మాది తోటపల్లి గూడూరు అవతల, సముద్రానికీ బకింగ్‌హాం కాలవకీ మధ్య ఇరుక్కున్న ఊరు. తూర్పున ఇసక, సరుగుడు తోపులు, వాటి వెనక సముద్రం. పడమట కాలవ. పొలాలూ బడీ కాలవకి ఆవలి ఒడ్డున ఉండేవి. పొద్దున్నే పెద్దవాళ్ళంతా పడవెక్కి పొలాలకి పోతే, ఇళ్ళ దగ్గర మిగిలేది ముసలివాళ్ళూ పసివాళ్ళూ. ఎటు పరిగెత్తినా నీళ్ళే. అందుకని మా ఊళ్ళో పిల్లకి నడక వచ్చిందంటే నడుముకి తాడు కట్టి, పంచలో గుంజకి కట్టేసేవాళ్ళు. అది వింతా కాదు, తప్పూ కాదు. నాలుగేళ్ళు దాటాక ఎండిన సొరబుర్రలు రెండు తాడుతో వీపుకి కట్టి కాలవలోకి దించి ఈత నేర్పేవాళ్ళు. ఈత వచ్చిన రోజే తాడు విప్పడం. ఈత రాని పిల్లని పడవతను పడవలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. పడవ ఎక్కకపోతే బడి లేదు.

నాకంటే రెండేళ్ళు పెద్దవాడు మా అన్న. వాడు ఈత నేర్చుకుంటూనే కాలవలో పోయాడు. అప్పటికి నాకు మూడేళ్ళు కూడా లేవు, వాడి మొహం కూడా నాకు గుర్తు లేదు. వాణ్ణి ఎవరో ఉప్పు పడవల మనిషి ఒడ్డుకి లాక్కొచ్చి పడుకోబెట్టినప్పుడు వాడి వంటి మీద తాడు లేదు. తాడూ బుర్రలూ పక్కన విడిగా పడున్నాయి. ముడి జారిపోయిందని ఊరంతా అంది. ఆ ముడి వేసింది మా అవ్వ.

ఆ తర్వాత అవ్వ ఇక నాకు ఈత అనే మాట ఎత్తనివ్వలేదు. ఈత వస్తే గానీ తాడు విప్పరు, ఈత నేర్పరు! ఇంక నా గతి ఏమిటి? ఇది న్యాయమా అని అడిగే వయసు కాదు నాది. తాడుకున్న చివరే నా లోకానికి చివర అనుకునేదాన్ని.

ఆ లోకంలో ఏమేమున్నాయో ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుని చెప్పగలను. గుంజ, దాని అడుగున చెదలు తిన్న చోటు, పంచ అరుగు సగం, వాకిట్లో కొంత మేర. వాకిలి అంచున ఒక మెట్టు ఉండేది. ఆ మెట్టు మీద కాలు మోపబోతే సరిగ్గా అప్పుడు తాడు బిగిసేది. వెన్ను జివ్వుమనేది. ఆ మెట్టు మీద ఒక్కసారి కూర్చోవాలని నాకు ఎంత ఆశ ఉండేదో! కోడిపిల్లలు వచ్చి దాని మీద దర్జాగా రెట్ట వేసి పోయేవి. వాటిని చూస్తే కడుపు మండిపోయేది. నడుము చుట్టూ చర్మం నల్లగా కాయ కాసింది. అమ్మ రాత్రి పొలం నుంచి వచ్చి అక్కడ ఆముదం రాసేది. 

అవ్వ వేసే ముడి విప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఒకటి వేసి, దాని మీద ఇంకొకటి వేసి, చివర కొసని లోపలికి దోపేది. వేశాక మునివేళ్ళతో మళ్ళీ మళ్ళీ తడిమి చూసేది. పొద్దున ఒకసారి, అన్నం పెట్టాక ఒకసారి, నేను నిద్రపోతున్నప్పుడు కూడా చూసేది. ఆ వేళ్ళు తగిలి మెలకువ వచ్చేది.

"ఏమ్మే, యాడికే లాగతా ఉండావు? కుదురుగా ఉండలేవా?" అనేది నేను గింజుకుంటే.

నేను ఏడుపు అందుకునేదాన్ని. మామూలు ఏడుపు కాదు, ఊరు లేచిపోయేది.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది. మా అత్త, నాయన చెల్లెలు. ఆమె మొగుడు ఆమెని పుట్టింట్లో దిగబెట్టి మళ్ళీ తొంగి చూడలేదు. ఇంకో పెళ్ళి చేసుకున్నాడని అందరికీ తెలుసు. అయినా వాడు వస్తాడనీ, వచ్చేదాకా ఆమె వాకిలి దాటి నలుగురిలోకి పోకూడదనీ పెద్దవాళ్ళు తీర్మానించారు. ఆమెకి పాతికేళ్ళు కూడా ఉండవు. వాకిలి అంచు దాకా వచ్చేది, వీధిలో ఎవరన్నా కనిపిస్తే వెనక్కి పోయేది. నన్ను తాడుతో కట్టారు, ఆమెని మాటతో కట్టారు. తాడే నయం, కనీసం కళ్ళకి కనిపిస్తుంది.

ఒకనాడు నా ఏడుపు భరించలేక అత్త పెరట్లోంచి ఇత్తడి గంగాళం దొర్లించుకొచ్చింది. నాకు అందే చోట పెట్టి, పెరటి బావి నుంచి బిందెలతో నీళ్ళు మోసి సగానికి నింపింది. అవ్వ పరిగెత్తుకొచ్చింది.

"నీకేం పొయ్యేకాలమే! నీళ్ళు తెచ్చి దాని ముందర పెడతా ఉండావే!"

"మోచెయ్యి లోతు నీళ్ళుమా. నేనీడే కూర్చోనుంటా. నువ్వుగూడా కూర్చో కావాలంటే."

అవ్వ కూర్చుంది. చేటలో బియ్యం పెట్టుకుని, రాళ్ళు ఏరుతున్నట్టు నటిస్తూ నన్నే చూస్తూ కూర్చుంది. నేను ఏడుపు ఆపేశాను. ఆ ఒక్క కారణం చేతనే గంగాళం మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది.

అమ్మో, ఆ గంగాళంలో ఎన్ని ఆటలు ఆడామో! కొబ్బరి చిప్పలు పడవలు. బొప్పాయి ఆకు కాడ గొట్టంగా పెట్టి ఊదితే అడుగున బుడబుడమని నీళ్ళు మరిగేవి. అత్త ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ తెచ్చేది. వేసే ముందు నేను చెప్పాలి, తేలుతుందో మునుగుతుందో. చింతపిక్క మునిగింది. ఉల్లిగడ్డ తేలింది. గుమ్మడికాయ తేలితే నేను నమ్మలేకపోయాను, అంత బరువుది ఎట్టా తేలిందని. తాళంచెవి నేను చెప్పినట్టే మునిగింది. దాని కోసం అవ్వ ఇల్లంతా వెతికి మా ఇద్దరినీ నానా మాటలూ తిట్టింది.

ఒక రోజు అత్త కోడిగుడ్డు తెచ్చి చెంబెడు మంచినీళ్ళలో వేసింది. మునిగింది. దోసెడు ఉప్పు పోసి కలిపింది. కలుపుతూ ఉండగా గుడ్డు మెల్లగా లేచి పైకొచ్చింది. నేను చప్పట్లు కొట్టాను.

"చూసినావా పాపా, ఉప్పునీళ్ళు బాగా మోస్తాయి. మన కాలవ నీళ్ళు గూడా ఉప్పువే గదా" అంది అత్త. ఆ మాట నాతో అన్నా, చూపు మాత్రం అవ్వ మీద ఉంది.

అవ్వ చేట విదిలించి లోపలికి వెళ్ళిపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట చిల్లి కనిపెట్టడం. అత్త చెంబు బోర్లించి నీళ్ళలోకి అదమమనేది. అదిమితే అది కిందికి పోనని మొండికేసేది, చేతుల్ని పైకి తోసేది. కాస్త పక్కకి ఒరిగిస్తే బుడుంగుమని బుడగలొచ్చి మునిగిపోయేది. "లోపల గాలి ఉండాది. గాలి బయటికి పోయిందంటే నీళ్ళు లోపలికొచ్చినట్టే" అనేది. అందుకే చిల్లికి మాటు వేయించాల్సిన పాత చెంబులూ గిన్నెలూ వస్తే ముందు నా దగ్గరికి వచ్చేవి. బోర్లించి అదిమి, బుడగ ఎక్కడ నుంచి వస్తుందో చూసి వేలు పెట్టి చూపించేదాన్ని. ఇరుగుపొరుగు కూడా తమ చెంబులు తెచ్చి "మీ పాపని చూడమను" అనేవాళ్ళు. నాకేమో కలెక్టరు ఉద్యోగం వచ్చినంత గర్వం. నడుముకి పలుపు మాత్రం అట్లాగే ఉంది.

ఐదో ఏడు వచ్చింది. నా ఈడు పిల్లలకి ఒక్కొక్కరికీ తాడు ఊడిపోయింది. ఎదురింటి పంచలో గుంజకి కట్టి ఉండే పిల్లకి కూడా. అది నాకు దూరపు నేస్తం. అది అక్కడి నుంచి, నేను ఇక్కడి నుంచి కేకలేసుకునేవాళ్ళం. ఒక రోజు చూస్తే ఆ గుంజ దగ్గర ఎవరూ లేరు. మధ్యాహ్నం అది తడి జుట్టుతో వచ్చి, నేను కాలు మోపలేని ఆ మెట్టు మీద కూర్చుని "నేను రేపట్నించి బడికి పోతా ఉండా" అంది. గంగాళంలో నీళ్ళన్నీ దాని మీద చల్లాను. అది ఏడుస్తూ పోయింది. నేను కూడా ఏడ్చాను, ఈసారి చప్పుడు లేకుండా.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్త నోరు విప్పింది.

"దీన్ని ఎంతకాలం కడతావుమా? పెళ్ళిదాకానా?"

"కడతా. నేను పొయ్యేదాకా కడతా. అడిగేదానికి నువ్వెవతివే?" అంది అవ్వ.

"ఎదురింటి పిల్ల బడికి పోతా ఉండాది. ఇది గుంజ పట్టుకోని చూస్తా ఉండాది. నీకు పాపం అనిపించలా?"

"బడి లేకపోతే చచ్చిపోరు. నీళ్ళలో దిగితే చస్తారు. నా చేత్తో నేను కట్టి పంపించినా ఒకణ్ణి. మళ్ళీ నా చేత్తో కట్టను."

నాయన తల వంచుకుని చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ లేచి వెళ్ళిపోయింది. 

మర్నాడు అమ్మానాయనా పొలానికి, అవ్వ పిడకలు తేవడానికి పెరట్లోకి వెళ్ళగానే అత్త చీర ఎగ్గట్టి అటక ఎక్కింది. ఆమెకి కోపం వస్తే ముందూ వెనకా చూసుకోదు. దుమ్ము కొట్టుకుపోయిన గోనెసంచి ఒకటి దించి నా ముందు విప్పింది. లోపల రెండు ఎండు సొరబుర్రలు, రెంటినీ కలిపి కట్టిన తాడు. అన్న పోయిన రోజు నాయన వాటిని అట్లాగే చుట్టి అటక మీద పడేశాడనీ, అప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదనీ నాకు అప్పుడు తెలియదు. నాకు కొత్త బొమ్మలు దొరికాయి, అంతే.

"తేలతాయా, మునుగుతాయా?" అంది అత్త. 

"తేలతాయి!"

గంగాళంలో వేసింది. రెండూ తేలాయి. కానీ ఒకటి నిటారుగా నిలబడితే, రెండోది కొంచెం వాలింది. నా చేతులు దురద పెట్టాయి. అలవాటు కొద్దీ దాన్ని పట్టుకుని అడుక్కి అదిమాను. తొడిమ పక్క నుంచి సన్నటి బుడగలు, వరసగా, ఆగకుండా పైకొచ్చాయి.

"అత్తా! చిల్లి!" అని అరిచాను. "ఇది చెడ్డది! నీళ్ళు తాగతా ఉండాది!"

అత్త దాన్ని లాక్కుని చూసింది. తొడిమ దగ్గర వెంట్రుకంత పగులు. చెవి దగ్గర పెట్టి ఆడించింది. లోపల గింజలే కాదు, ఇంకేదో జరజరమంది. పగులు దగ్గర గోటితో పెచ్చు లేపి అరచేతిలోకి వంచింది. నీళ్ళతో పాటు నల్లటి ఒండ్రు మట్టి జారింది.

"ఏం జేస్తా ఉండావే అక్కడ?"

అవ్వ మెట్టు దగ్గర నిలబడి ఉంది. చేతుల్లో పిడకలు. బుర్రల్ని చూసింది. పిడకలు చేతుల్లోంచి జారి పడ్డాయి.

"ఎవురు తియ్యమన్నారే వాటిని! నీ చేతులు పడిపోను!"

"తిట్టుమా, ఎంతన్నా తిట్టు. ముందు ఇది చూడు." అత్త అరచెయ్యి చాపింది. "ఇది కాలవ మన్ను. అటక మీదికి కాలవ మన్ను యాడనించి వస్తాది? ఆ రోజే బుర్రలోకి నీళ్ళు పోయినాయి. ఒకటి నిండి బరువెక్కింది, వాడు ఒక పక్కకి ఒరిగిపోయినాడు."



అత్త ఆ తాడు ఎత్తి పట్టుకుంది. "ఇదిగో నీ ముడి. ఇంకా అట్టనే ఉండాది, చూడు. ఒకటి మీద ఒకటి, కొస లోపలికి దోపి. జారలేదుమా. కడుపు నొక్కి నీళ్ళు కక్కించేదానికి ఆ ఉప్పు పడవ మనిషి తల మీదుగా తీసి పడేసుంటాడు. ఆ ఏడుపుల్లో ఎవురు చూసినారు, ఎవురు అడిగినారు?"

అవ్వ ఆ ముడిని మునివేళ్ళతో తడిమింది. నా నడుము దగ్గర ఎట్లా తడిమేదో సరిగ్గా అట్లాగే. తర్వాత మెట్టు మీద కూలబడింది. ఆమె ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. "నా ముడి కాదా? నా ముడి కాదా నాయనా?" అని ఒకటే మాట. నాకు భయం వేసింది. అవ్వ దగ్గరికి పరిగెత్తాను. మెట్టు దగ్గర తాడు బిగిసి వెనక్కి గుంజింది. చేతులు చాచాను. జానెడు దూరంలో ఉంది ఆమె, అందలేదు. "అవ్వా, అవ్వా" అంటూ ఆ తాడు చివర వేలాడుతున్నాను.

అవ్వ తలెత్తి నన్ను చూసింది. నన్నూ, బిగిసిన తాడునీ.  తర్వాత పాక్కుంటూ నా దగ్గరికి వచ్చి, నన్ను ఒళ్ళోకి తీసుకుని, నా నడుము దగ్గర ముడి విప్పబోయింది. అది రాలేదు. తను వేసిన ముడి తనకే లొంగలేదు. చివరికి పళ్ళతో పీకి విప్పింది. విప్పాక నన్ను ఆ మెట్టు మీద కూర్చోబెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఏడ్చింది దీని కోసమా అనిపించింది. ఉత్త బండ, ఎండకి కాలుతోంది.

అయినా నన్ను ఊరికే వదిలేసిందని కాదు. పొరుగిళ్ళ నుంచి ఎండు బుర్రలు అడిగి తెప్పించింది. వాటిని గంగాళం పక్కన కుప్ప పోసి, నన్ను ముందు కూర్చోబెట్టి "చూడవే, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది. ఒక్కొక్కటీ అదిమి, బుడగ వచ్చిన వాటిని "ఇది వద్దవ్వా" అని పక్కన పడేశాను. నేను సరే అన్నవాటిని కూడా తను మళ్ళీ అదిమి చూసేది. చివరికి రెండు ఏరి, నా పలుపు తీసుకుని, దానితోనే వాటిని నా వీపుకి కట్టింది. అదే తాడు, అదే ముడి. కట్టాక మునివేళ్ళతో మళ్ళీ మళ్ళీ తడిమి చూసింది.

కాలవలో పోటు లేని వేళ చూసి దిగాం. అత్త వాకిలి దాటి పట్టపగలు వీధి వెంట నడిచింది. ఎవరో ముక్కున వేలేసుకుంటే అవ్వ వాళ్ళ వైపు ఒక చూపు చూసింది, చాలు. అత్త నీళ్ళలో ముందుకి వెళ్ళి చేతులు చాపింది. నాకు బుర్రలు కట్టగా మిగిలిన తాడు కొస అవ్వ పట్టుకుని ఒడ్డున నిలబడింది. ఉప్పునీళ్ళు నన్ను మోశాయి, కోడిగుడ్డుని మోసినట్టే. కాళ్ళాడించాను. తాడు ఎంత ఉంటే అంతవరకే వెళ్ళాను, అక్కడ ఎప్పటిలాగే బిగిసింది.

ఇట్లాగే కొన్నాళ్ళు సాగింది. రోజూ తాడు చివరిదాకా వెళ్ళడం, వెనక్కి రావడం. బుర్రలు రెండు కాస్తా ఒకటైంది, ఒకటి కూడా పోయింది. నడుముకి తాడు మాత్రం ఉంది. అవ్వ చేతిలో కొస ఉంది.

"అమా, ఇంక దానికి ఈతొచ్చేసింది. వదులు" అంది అత్త ఆవలి ఒడ్డు దగ్గర నుంచి.

అవ్వ వదల్లేదు. చీర కుచ్చెళ్ళు తడిసేలా తనూ కాలవలోకి దిగింది. మోకాళ్ళ దాకా, నడుము దాకా, గొంతు దాకా నీళ్ళలోకి వచ్చింది. అన్న పోయాక ఆమె ఆ నీళ్ళని ముట్టుకోవడం అదే మొదటిసారి. తను నడిచినంత మేరా నాకు తాడు పెరుగుతూ వచ్చింది. ఇంక నడిస్తే ఆమె మునుగుతుంది. నేను నీళ్ళు కొడుతూ ఒకే చోట ఉన్నాను, బిగిసిన తాడు చివర. ఇదంతా ఇంతే, ఇక్కడితో సరి అనుకున్నాను.

ఉన్నట్టుండి నడుము దగ్గర బిగువు పోయింది.

అత్త చేతులు అందుకున్నాక వెనక్కి తిరిగి చూశాను. అవ్వ పీకల్లోతు నీళ్ళలో నిలబడి ఉంది. కుడి పిడికిలి ఇంకా బిగించే ఉంది, అందులో తాడు లేదు. మొహం మీద నీళ్ళు కాలవవో కావో తెలియడం లేదు. ఆమె గొంతు చించుకుని అరిచింది, నా మీద ఎప్పుడూ అరిచే ఆ గొంతుతోనే:

"ఏమ్మే! పలుపు పోగొట్టేవు, జాగ్రత్త! దూడకి కావాల!"

మరుసటి వారం నన్ను బడిలో వేశారు. పలుపు దూడ మెడకి పోయింది.